మా అన్న గుండం కట్టెలు ఏరిన ఏడాది

నిప్పుల మీద నడిస్తే కాలు ఎందుకు కాలదో నాకు వివరించి చెప్పేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. బూడిద వేడిని ఆపుతుందట, అడుగు చురుగ్గా పడుతుందట, అందులో వింతేమీ లేదట. కుర్చీలో కూర్చుని చెబుతారు. వాళ్లలో ఒక్కడూ చెప్పులు విప్పి గుండం అంచుదాకా వచ్చినవాడు కాడు. నా పడుచు వయసులో మరో రకంవాళ్లు ఉండేవాళ్లు. కాలు కాలితే ఆ మనిషిలోనే ఏదో తప్పుందని తేల్చేవాళ్లు. వాళ్లూ అరుగు మీద కూర్చునే తేల్చేవాళ్లు. ఈ ఇద్దరి మీదా నాకు కోపమే. ఎనభై దగ్గరపడినా అది తగ్గలేదు. మా అన్న కాలు కాలిన సంగతి రాస్తే ఆ కోపం ఎక్కడిదో తెలుస్తుంది. అందులో నా మీద నాకున్నది కూడా కొంత ఉంది.

మాది ఆత్మకూరు పక్క పల్లె. కృష్ణ దాటితే గద్వాల. నేను చెప్పేది ముప్పయ్యో దశకం మొదటి ఏళ్ల మాట. అప్పట్లో పీర్ల పండుగ నడి ఎండాకాలంలో వచ్చేది. ఊళ్లో సాయిబుల ఇండ్లు నాలుగైదు కంటే లేవు గాని పండుగ ఊరంతటిదీ. పీర్లను కాచే ముసలాయన దూది ఏకి పరుపులు కుట్టి బతికేవాడు. మేమంతా తాతా అని పిలిచేవాళ్లం. పీర్ల సావిడి ఆయనది, పెద్దపీరును ఎత్తుకునే హక్కు మా ఇంటిది. మా సొంత తాత ఎత్తాడు, నాయన ఎత్తాడు. నాయన పోయాక అన్న ఎత్తుతున్నాడు. పండుగ రోజులన్నీ అన్నకు పడక నేల మీద, కాళ్లకు చెప్పులు లేవు, కల్లు ముట్టడు. పదోనాడు తెల్లవారుతుండగా సావిడి ముందు గుండంలో నిప్పులు పరిచేవాళ్లు. కర్రకు పట్టుగుడ్డల దట్టీలు చుట్టిన పీరును భుజానికెత్తుకుని అన్న ముందు నడిస్తే, మొక్కున్నవాళ్లు పదిమంది దాకా వెనక నడిచేవాళ్లు.

గుండానికి కట్టె ఇంటింటి నుంచీ రావాలి. చెట్టు కొట్టి తెచ్చినదాని కంటే, ఇంట్లో పనిచేసి అరిగిన కట్టె ఇవ్వడం మా పక్క గొప్ప. విరిగిన నాగలి, పుచ్చిన దర్వాజా చట్రం, పాత రోకలి. మనతో కష్టపడిన కట్టె పొయ్యిలోకి పోకుండా గుండంలోకి పోతే దానికీ మంచి జరుగుతుందని అనుకునేవాళ్లు. ఆ ఏడు మా బండి చక్రం ఒకటి విరిగింది. దాని నడిమి బొడ్డు మిగిలింది. ఇరుసు తిరిగే కంతలో ఇనుప గొట్టం బిగించి ఉంటుంది, అది పైకి కనబడదు, అంతా కందెన మడ్డి.

"తమ్మీ, గీ బొడ్డు గుండంల వెయ్యి. నాయిన చేపిచ్చిన బండి, మంచితావుకు పోనీ" అన్నాడు అన్న. "లోపల గొట్టం ఉంది సూడు. కొట్టి తీసినంకనే వెయ్యి."

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. బడి మెట్లెక్కినవాణ్ని కాను. వనపర్తి సంతలో బెల్లం చుట్టి ఇచ్చిన కాగితాలు విప్పి, చదువొచ్చిన వాళ్లను అక్షరం అక్షరం అడిగి నేర్చుకున్నాను. ఆ వారం అట్ట చిరిగిన పుస్తకమొకటి చేతికి వచ్చింది. దేవుళ్లు మనిషి అల్లిన కథలని అందులో రాసి ఉంది. మర్నాటికి తిరిగి ఇచ్చెయ్యాలి. ఇంకా సగం ఉంది. గొట్టాన్ని సుత్తెతో రెండు దెబ్బలు కొట్టాను, కదలలేదు. బొడ్డు ఎత్తి అట్లాగే కట్టెల కుప్ప మీద పడేసి వచ్చి పుస్తకం ముందు కూర్చున్నాను.

"గొట్టం తీసినవా?" అని సాయంత్రం అన్న అడిగాడు.

"తీసిన" అన్నాను, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

పదోనాడు పొద్దున అన్న గుండంలో దిగాడు. మూడో అడుగు దగ్గర ఆయన భుజం ఒక్కసారి కుంగింది. పీరు ఒరిగింది, పడలేదు. ఆగకుండా చివరిదాకా నడిచి, పీరును సావిడిలో తాత చేతికి అప్పగించి, అప్పుడు కూలబడ్డాడు. ఎడమ మడమ దగ్గర తోలు ఊడి వచ్చింది. వెనక నడిచినవాళ్లలో ఒక్కరికీ బొబ్బైనా లేదు.

నడిచి వచ్చినవాళ్ల కాళ్ల మీద ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోయడం ఆచారం. అందరికీ పోశారు. అన్న దగ్గరికి వచ్చేసరికి బిందెలు ఆగిపోయాయి. మా వదినే వచ్చి పోసింది.

"ఏదో తప్పు చేసిండు. లేకుంటే పీరు కాలుస్తడా?" అని అరుగు మీది పెద్దమనిషి ఒకాయన అన్నాడు. ఊళ్లో అందరి సంగతులూ ఆయనకే కావాలి.

ఆ క్షణంలో నాకు గొట్టం గుర్తుకు రాలేదు, నమ్మండి. పుస్తకం చెప్పింది నిజమైందనే అనుకున్నాను. ఇంటికొచ్చి, "నిప్పు కాలుస్తది వదినా. దానికి తప్పొప్పులు ఎరుకనా?" అని తెలివిగా అన్నాను.

వదిన నాగర్‌కర్నూలు పిల్ల, మాట తడుముకోదు. "ఎరుక లేకుంటే తక్కినోళ్లను ఎందుకు ఇడిసిపెట్టింది? జర నీ పుస్తకంల సూసి చెప్పు మర్దీ" అంది.

పుండు నెలన్నరకు మానింది. కుంటు మానలేదు. ఊరి నోరు అంతకన్నా మానలేదు. తొమ్మిదోనాడు అన్న దొంగతనంగా కల్లు తాగాడని ఒకరు, తప్పు మొగునిది కాదు పెండ్లాందని ఒకరు. వదిన బావికి పోతే చేదుకునేవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్లు. అది మర్యాద కాదని ఆమెకు తెలుసు. అంతకుముందు తొలకరి పడగానే తమ చేలో మొదటి సాలుకు గొర్రు పట్టమని అన్నను నలుగురు పిలిచేవాళ్లు, ఆయన చెయ్యి మంచిదని. ఆ ఏడు ఎవరూ పిలవలేదు. అన్న ఎవరినీ ఒక్క మాట అనలేదు. రాత్రి పగలు తనలో తాను వెతుక్కున్నాడు. పండుగ రోజుల్లో ఎవరిని తిట్టాడు, ఏ ఎద్దును ఊరికే కొట్టాడు, ఎవరి గట్టు మీద కాలు పెట్టాడు. చేయని తప్పును వెతుక్కునే మనిషిని మీరు చూశారో లేదో. చేసిన తప్పు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఇది దొరకదు, వెతుకులాట తెగదు.

చలికాలంలో నేనే బలవంతాన పుట్టి ఎక్కించి, ఏరు దాటించి గద్వాల దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు మడమను అన్నివైపులా నొక్కి చూశాడు.

"పుండు మానింది. ఎముక మంచిగుంది. మరి కుంటుడు ఎందుకు?"

"భూమి మోపనిస్తలేదు సాబ్" అన్నాడు అన్న.

డాక్టరు నా వైపు చూశాడు. మందేమీ రాయలేదు. పుట్టిలో తిరిగి వస్తుంటే అన్న నీళ్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. నిప్పు కాల్చింది ఒక్క క్షణం, ఆ తర్వాత ఏడాది పొడుగునా కాల్చింది నమ్మకమే. అది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

మళ్లీ నెలవంక కనబడింది. మర్నాడు గుండానికి గుద్దలి వేస్తారు. అంటే పాత గుండాన్నే తిరిగి తవ్వుతారు. పెద్దలు సావిడి ముందు చేరారు. ఈసారి పీరును ఎవరు ఎత్తుకోవాలన్నది మాట.

"నాతోని కాదు. వేరేటోళ్లను సూసుకోండ్రి" అన్నాడు అన్న.

అరుగు పెద్దమనిషి వెంటనే అందుకున్నాడు. "అయితే ఎత్తుడు మా అల్లుని ఇంటికి రావాలె. ఒకసారి ఇల్లు మారితే మళ్ల మారదు, అది గూడ ఇనుకోండ్రి."

దూదేకుల తాత తన దూది ఏకే విల్లు ముందు కూర్చున్నట్టే నెమ్మదిగా ఉన్నాడు. "ఏడోరోజు పీర్లు లేస్తయి. అప్పటిదాక నేను ఎవ్వన్నీ అడగ. ఎవ్వని మాటా ఇన" అన్నాడు. అన్నకు ఏడు రోజులు దొరికాయి. ఆ ఏడు రోజుల్లో మనసు మారకపోతే తాత ముత్తాతల నుంచి వచ్చినది పోతుంది. పోయింది తప్పు చేసినందుకేనని ఊరికి రుజువైపోతుంది. అన్న ఆ మాటతోనే బతికి, ఆ మాటతోనే చావాలి.

గుద్దలి పట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. మోకాలి లోతున పాత బూడిద తగిలింది. దానిలో నా గుద్దలి మొన ఖంగుమంది. చేత్తో తీశాను. తుప్పు పట్టి, ఒక పక్క పగిలి, గుప్పెడంత ఇనుము. కందెన మడ్డి కాలి నల్లగా అంటుకుని ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. ఎంత గుర్తొచ్చిందంటే, ఏడాది కింద "తీసిన" అన్న నా గొంతు నాకే వినబడింది.

బూడిదా బొగ్గూ పైపైన కాలుస్తాయి. ఇనుము అట్లా కాదు, పట్టుకుంటే వదలదు. కొలిమి దగ్గర నిలబడిన ఎవరికైనా తెలిసిన సంగతే. గొట్టాన్ని పంచె కొంగులో చుట్టి ఇంటికి పరుగెత్తాను. అన్న పశువుల కొట్టం దగ్గర ఉన్నాడు.

"అన్నా, నీ తప్పు ఏం లేదు. గుండంల ఇనుము ఉండె. ఇగో, దొరికింది. ఎవని కట్టెల నుంచి వచ్చిందో ఏమో" అన్నాను. ఎవని కట్టె అన్నది మాత్రం నోట రాలేదు.

అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పగిలిన అంచు మీద బొటనవేలు పెట్టి కాసేపు ఉన్నాడు.

"నా వెనుక పదిమంది నడిచిండ్రు" అన్నాడు చివరికి. "వాళ్ల కాలికిందికి ఎందుకు రాలే ఇది?"

"ముందు నడిచెటోని కాలు పడితె పక్కకు జరిగుంటది."

"ముందు మన నాయినా నడిచిండు. మన తాతా నడిచిండు."

"అప్పుడు ఇనుము లేకుండె అన్నా!"

"గదే అడుగుతున్న. వాళ్లప్పుడు ఎందుకు లేకుండె? నాకే ఎందుకుండె?" గొట్టం నా చేతిలో పెట్టాడు. "గోడసందుల పెట్టు. ఎవ్వనికీ సూపియ్యకు. మీ వదినెకు గూడ."

నాకు ఒళ్లు మండింది. చేతిలో ఇనుము పెడితే కూడా నమ్మడా మనిషి! నిజం చెప్పేశాను కదా, ఇక నా బాధ్యత లేదని సమాధానపడబోయాను. పడలేకపోయాను, చెప్పింది సగమే కాబట్టి. మూడోనాడు మధ్యాహ్నం తాత దగ్గరికి పోయి ఉన్నదంతా కక్కేశాను. బొడ్డు, పుస్తకం, రెండు సుత్తి దెబ్బలు, అబద్ధం.

తాత వేపకొమ్మ కింద దూది ముందేసుకుని కూర్చున్నాడు. వింటూనే దూదిని వేళ్లతో విడదీస్తున్నాడు.

"నాకెందుకు చెప్తున్నవ్ బేటా? కాలింది నా కాలు గాదు గద."

"అన్నకు చెప్పాలంటె నోరు వస్తలేదు తాతా."

"వస్తది. జర ఆగి వస్తది." దూదిలోంచి చిన్న పత్తిగింజ తీసి పక్కన పడేశాడు. "ఇగో, చూసినవా? వింటికి పెట్టకముందే చేత్తోని చూస్త. ఒక్క గింజ ఉన్నా తంతి తెగుతది. అల్లా మీద నమ్మకం లేక చూస్తున్ననా నేను? నమ్మకం ఉన్నోడే చూస్తడు. లేనోడు కుప్ప మీద పడేసి పోతడు."

తల దించుకుని వచ్చాను. ఆ మాట నన్నే అన్నాడని ఊరంతా విన్నట్టు అనిపించింది. చుట్టుపక్కల మేక తప్ప మరేమీ లేదు.

మర్నాడు పొద్దున్నే తాత మా వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆయన ఎవరి ఇంటికీ వచ్చే మనిషి కాదు.

"కొడుకా, పీరు ఎత్తుకుంటవా లేదా నేను అడుగుత లేను" అన్నాడు అన్నతో. "ఈ ఏడు కట్టె చూసే పని నీది. ఒక్కొక్క మొద్దు నీ చేతుల మీదికెళ్లి పోవాలె. నీ చెయ్యి తగలని పుల్ల గుండంల పడొద్దు. గంతే."

"నేనా? నేను ముట్టిన కట్టె ఒప్పుకుంటరా ఊరోళ్లు?"

"నేను చెప్పిన. ఒప్పుకోనోడు కట్టె తేవొద్దు."

ఆ పూటనుంచే అన్న సావిడి పక్కన గొడ్డలి, సుత్తె, పట్టుకారు పెట్టుకుని కూర్చున్నాడు. మొద్దు వస్తే దాన్ని పసిబిడ్డను నిమిరినట్టు నాలుగు పక్కలా నిమిరేవాడు. తట్టి చప్పుడు వినేవాడు. సందు ఉంటే పుల్ల పెట్టి గెలికేవాడు. అప్పుడు తెలిసింది ఊరు భక్తితో ఏమేమి ఇస్తుందో. మేకులు, గొళ్లెం ముక్కలు, ఎద్దు నాడాలు, ఒక రోకలి అడుగున పొన్ను. ఏటేటా ఇవన్నీ ఆ గుండంలోకే పోయాయి. ఎవరి కాలి కిందా పడకపోవడమే వింత. పెద్దమనిషి ఇంటి నుంచి పాత దర్వాజా చట్రం వచ్చింది. అన్న అందులోంచి మేకు తరువాత మేకు లాగి, ఆయన ముందే ఒక రాయి మీద వరుసగా పేర్చాడు. పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు ఇంకో మూడు మరిచిపోయినవు సూడు" అని నవ్వడానికి చూశాడు.

"మరువలే మామా. తీస్తున్న" అన్నాడు అన్న.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఏడాదిలో అన్న మాటకు ఊళ్లో నవ్వు రావడం అదే మొదలు.

ఆరోనాడు నేనూ వదినా అన్నం తీసుకుని పోయాం. అన్న తుమ్మమొద్దు ఒకటి భుజాన వేసుకుని కుప్ప వైపు నడుస్తున్నాడు. నేను నోరు తెరవబోయాను. వదిన నా చెయ్యి గట్టిగా గిచ్చింది.

"అనకు. అంటే మళ్ల వస్తది" అంది గుసగుసగా.

అన్న కుంటడం లేదు. ఆయనకు ఆ సంగతి తెలియదు. మొద్దులో ఏమున్నదన్న ధ్యాసలో మడమ సంగతి మరిచిపోయాడు. మేమిద్దరం ఏమీ చూడనట్టు మూట విప్పి జొన్నరొట్టె పెట్టాం. వదిన వడ్డిస్తూ మొహం పక్కకు తిప్పుకుంది.

ఏడోనాడు తాత సావిడి తలుపు తీసి పెద్దపీరును బయటికి తెచ్చాడు. ఎవరినీ అడగలేదు. అన్న ముందు ఆగి రెండు చేతులా చాచాడు. అన్న కుప్ప వైపు ఒకసారి చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు, కడుక్కుని వచ్చి పీరును అందుకున్నాడు. పెద్దమనిషి అల్లుడు జనంలోకి వెనక్కి జరిగాడు. పాపం, అతనికి మొదటి నుంచీ భయమేనని తరువాత తెలిసింది.

పదోనాడు తెల్లవారుతుంటే నేను చెప్పులు విప్పి అన్న వెనక నిలబడ్డాను. వదిన చూసి, "నీ పుస్తకం ఒప్పుకుందా?" అంది. ఏ మొక్కూ లేదు నాకు. పీరును నమ్మానా అంటే ఆ రోజు కూడా చెప్పలేకపోయేవాణ్ని. ఆ కుప్పలో ప్రతి కట్టె మీదా మా అన్న చెయ్యి పడిందన్నది మాత్రం నాకు తెలుసు. ఆ చెయ్యిని నమ్మాను. అది చాలా గుండంలో దిగడానికి అంటే, దిగాను కదా.

అన్న దిగాడు. ఒకటి, రెండు, మూడు. మూడో అడుగు దగ్గర ఊరు ఊపిరి బిగబట్టింది. ఆయన భుజం కుంగలేదు. పీరు నిటారుగా సావిడి దాకా పోయింది. డప్పులు ఒక్కసారిగా లేచాయి. ఈసారి బిందెలు ఆగలేదు. నిరుడు వెనక్కి తగ్గిన ఆడవాళ్లే తోసుకుంటూ వచ్చి అన్న కాళ్ల మీద నీళ్లు పోశారు. ఒకావిడ తన చంటిబిడ్డను ఆ తడిలో పొర్లించింది. నాకు వాళ్ల మీద కోపం పోలేదు. అన్నకు అసలు రానేలేదు.

సందడి తగ్గాక ఇద్దరం సావిడి వెనక గోడకానుకుని కూర్చున్నాం. నా కుడికాలి బొటనవేలి కింద చిన్న బొబ్బ లేచింది. ఎంత దాచినా అన్న చూశాడు.

"ఏం తప్పు చేసినవ్‌రా తమ్మీ?" అన్నాడు నవ్వుతూ.

హాస్యానికే అడిగాడు. నేను ఏడ్చేశాను. "చేసిన అన్నా. ఆ గొట్టం మనదే. నేను తియ్యలే. తీసిన్నని నీకు అబద్ధం చెప్పిన."

అన్న నవ్వు ఆగలేదు గాని చిన్నదైంది. "ఎరుకే. నువ్వు సూపిచ్చిన్నాడే ఎరుక. ఆ పగులు నాయిన ఉన్నప్పటిది."

"మరెందుకు అనలే?"

"అంటే ఏమైతుండె? నువ్వు ఊరంత తిరిగి చెప్తుంటివి. ఊరు నన్ను ఇడిసిపెట్టి నిన్ను పట్టుకుంటుండె. నీకు సదువు ఇప్పుడిప్పుడే వస్తున్నది." తన మడమ మీద మచ్చను తడుముకున్నాడు. "నాకే ఎందుకని అడిగితి గద నిన్ను. కట్టె ఏరుకుంట సోచాయించిన. పదకొండు మందిమి నడిస్తిమి. ఇంకొకని కాలు కాలితె వాడు గొట్టం ఎవనిదో వెతికి నిన్ను కొట్టి సంపుతుండె. నాదైతె ఇంట్లనే పోతది. పీరు సూసే పెట్టిండురా, నా కాలికిందికి."

నేను చదివిన పుస్తకాల్లో చాలావరకు ఆ తరువాతి ఏళ్లలో చదివినవే. ఆ మాటను కాదనడానికి వాటిలో కావలసినన్ని వాదాలు దొరికాయి. అన్న బతికి ఉన్నన్నాళ్లూ ఒక్కటి కూడా ఆయన ముందు పెట్టలేదు. భయపడి కాదు. ఏడాది పాటు నా తప్పును తన తప్పనుకుని మోసి, తెలిశాక కూడా తన దగ్గరే ఉంచుకున్న మనిషి ఆయన. ఆయన ముందు కూర్చుని బూడిద వేడిని ఆపుతుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తాత ఆకులో రొట్టె, బెల్లం కలిపి నలిపిన మలీద పట్టుకుని గోడ మూల తిరిగి వచ్చాడు. నా ఏడుపు మొహం చూసి, బొబ్బ చూసి, ఏమీ అడగకుండా పెద్ద ముద్ద నా చేతిలో పెట్టి పోయాడు.